పహాణీలో లేని పేర్లు

పూతకొచ్చిన ఆముదపు చేను మీద దొర నాగళ్ళు కట్టించాడు.

బీడు కాదది, పడావు కాదు. నడుమెత్తు పెరిగి గెలలు తొడుగుతున్న చేను. గోపమ్మ అందులో మూడుసార్లు కలుపు తీసింది. ఆ పొద్దు సద్దిమూట పట్టుకుని ఆమె గట్టెక్కేసరికి నాలుగు నాగళ్ళు చేన్లో తిరుగుతున్నాయి. పచ్చటి మొక్కలు వేళ్ళతో సహా లేచి సాళ్ళలో పడుతున్నాయి. గట్టు మీద గొడుగు నీడన పట్వారీ రామచంద్రం నిలబడి, ఎంతవరకు దున్నడమైందో చూసుకుంటున్నాడు.

గోపమ్మ పెట్టిన శోకం నెమిలిగుట్ట ఊరంతా వినిపించింది. మారయ్య చేతిలో పార అక్కడే పడేసి పరుగెత్తాడు. పరుగంటే మన పరుగు కాదు. జైల్లో పట్టిన దగ్గు అతన్ని పది అడుగులకోసారి ఆపి వంచేస్తుంది. వంగాడు, లేచాడు, మళ్ళీ పరుగెత్తాడు. చేను చేరేసరికి సగం అయిపోయింది.

"ఏంది పంతులూ గిది? పచ్చని పంట మీద నాగలి గడ్తరా? అన్నం తింటున్నరా, గడ్డి తింటున్నరా?"

"నన్నంటే ఏమొస్తది మారయ్యా? దొర భూమి దొర దున్నిచ్చుకుంటుండు. పహాణీల ఏమున్నదో పోయి సూస్కో," అన్నాడు పట్వారీ, గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ.

పహాణీ అంటే ఏ నంబరు భూమిని ఎవరు సాగు చేస్తున్నారో పట్వారీ ఏటేటా రాసే పుస్తకం. దున్నేవాడు దున్నుతూనే ఉంటాడు. అందులో పేరు లేకపోతే మాత్రం దున్ననట్టే.

మారయ్య ముందు నాగలికి అడ్డం నిలబడ్డాడు. ఆ నాగలి పట్టింది ఐలేశం, దొర దగ్గర జీతగాడు.

"ఎడ్లనిడువురా ఐలేశం."

ఐలేశం తలెత్తలేదు. "నన్నేం జెయ్యమంటవే మారన్నా? ఇప్పుడిడిస్తె పొద్దూకంగ నా పెండ్లాం పిల్లలకు గటుక ఎవడు పోస్తడు?" అన్నాడు. మారయ్యను తప్పించి ఎడ్లను పక్క సాలుకు తిప్పాడు. చర్నాకోలు మాత్రం ఎడ్ల మీద పడలేదు, గాల్లోనే ఊపాడు.

గోపమ్మ సాల్లో చతికిలబడి, పెరికిన మొక్కల్ని మళ్ళీ మట్టిలో నిలబెడుతోంది. అవి నిలబడవని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా నిలబెడుతోంది. మారయ్య వద్దనలేదు. పక్కన కూర్చుని తనూ రెండు మొక్కలు నిలబెట్టాడు.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. నిజాం రాజ్యం పోయి పదేళ్ళు.

మారయ్య ఎవరో చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. కాలేజీల్లో చదివే తమ్ముళ్ళు, మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకునే అన్నలు చెవి పెట్టి వినాలి. అతడు కోటలాంటి దొర గడిలో వెట్టి చేసే తల్లికి పుట్టాడు. పెరిగి తనూ వెట్టివాడే అయ్యాడు. దొర కచ్చురం బండి ముందు దేవరకొండ దాకా పరుగెత్తేవాడు. నవాబు మీద, ఆ నవాబును కాపాడుతున్న తెల్లదొరల మీద సంఘం జెండా ఎత్తినప్పుడు, నెమిలిగుట్టలో మొదట గొంగడి దులుపుకుని లేచింది అతడే. దళంలో చేరాడు. రజాకార్లు ఊరి మీదికొస్తే గుట్ట మీంచి వడిసెల రాళ్ళతో ఆపిన ముప్పైమందిలో అతడొకడు. దొర గడి వదిలి పట్నం పారిపోయాడు.

ఆ నలభై ఎనిమిది ఎండాకాలంలోనే మారయ్య తన జీవితంలోకెల్లా గొప్ప పని చేశాడు. గొప్ప పనని అతడూ అనుకున్నాడు, ఊరూ అనుకుంది. పట్వారీ ఇంట్లోని భూమి లెక్కల దఫ్తరాలన్నీ మోయించి గడి మెట్ల ముందు పోగేయించాడు. వెంటనే అంటిస్తే అయిపోయేది. కానీ గోపమ్మ మొగుడు భిక్షపతి అడ్డం పడ్డాడు. "ఇన్నేండ్లు మన గురించి ఏం రాసిండ్రో ఇందాం మారన్నా. ఇన్నంకనే కాలబెడుదాం," అన్నాడు. సరేనన్నాడు మారయ్య. పట్వారీ రామచంద్రాన్ని మెట్ల మీద కూర్చోబెట్టి ఉర్దూ కాగితాలు ఒక్కొక్కటే చదివించారు. పల్గురాళ్ళ చెల్క, సర్వే నంబరు నూట పన్నెండు, ముప్పై తొమ్మిదెకరాల మెట్ట. పట్టాదారు దొర. కౌల్దార్లు పదమూడుమంది. తండ్రి పేరుతో సహా పదమూడు పేర్లు వినబడ్డాయి. ఎవడి పేరు రాగానే వాడు "ఆఁ, నేనే" అని అరిచాడు. జనం పగలబడి నవ్వారు.

కౌల్దారు అన్న మాట వాళ్ళ చెవికి దొర కాలికింది మనిషి అన్నట్టే వినబడింది. ఆ కాగితం ఉన్నంతకాలం భూమి దొరదే, అది కాలితేనే మనది, అనుకున్నారు. అందరిలో ముందు అలా అన్నది మారయ్య. అగ్గిపుల్ల గీసిందీ అతడే. ఆ మంట చుట్టూ ఆడామగా చిందేశారు. చెల్కను పదమూడు భాగాలు పంచాడు, ఇంటికి మూడెకరాలు. తను మాత్రం ఒక్క గుంట తీసుకోలేదు. పంచేవాడు వాటా తీసుకోకూడదన్నాడు.

ఆ తర్వాత నవాబు పోయాడు. ఢిల్లీ పటాలం వచ్చింది. దొర ఆ పటాలం లారీలోనే ఊళ్ళోకి తిరిగొచ్చాడు. భిక్షపతిని ఆ చెల్కలోనే కాల్చి చంపారు. మారయ్యకు మూడున్నరేళ్ళ జైలు. భార్య నర్సింగమ్మ జ్వరంతో పోయిందన్న కబురు జైల్లోకి నెలన్నర తర్వాత వచ్చింది. బయటికొచ్చేసరికి దొర ఒంటిమీద ఖద్దరు, పంచాయతీకి ప్రెసిడెంటు. నీరు పారే తరి పొలాలన్నీ మళ్ళీ గడి కిందికి పోయాయి. పల్గురాళ్ళ చెల్క మాత్రం వదిలేశాడు. రాళ్ళు తప్ప ఏమీ లేవని వదిలేశాడు. ఆ రాళ్ళను పదమూడిళ్ళ జనం పదేళ్ళు ఏరారు. ఏరి గట్లు పెట్టారు. ఎర్రమట్టి తేలింది, ఆముదాలు పండాయి. అప్పుడు దొర కన్ను పడింది.

దొర చేను దున్నించగానే పదమూడిళ్ళవాళ్ళు తాలూకా కచేరీలో కేసు వేశారు. నల్లగొండ నుంచి పరమేశ్వర్ అనే వకీలు పైసా తీసుకోకుండా వచ్చాడు. చట్టం పేదోడి పక్కనే ఉందన్నాడతడు. నలభై ఎనిమిదికి ముందు ఆరేళ్ళు కౌలుకు దున్నినట్టు కాగితం ఉంటే చాలు, వాళ్ళను ఎవరూ కదిలించలేరన్నాడు. ఆ మాట వినగానే మారయ్య తన చేతుల వంక చూసుకున్నాడు.

వాయిదా నాడు పదమూడిళ్ళ జనం కచేరీ ముందు కూర్చున్నారు. తాసీల్దారు పట్వారీని పిలిచాడు.

"పాత పహాణీలేవి?"

"కాలిపోయినయి హుజూర్. సంఘపోళ్ళు తగలవెట్టిండ్రు."

"తాలూకాకు పంపిన నకళ్ళు?"

"చెదలు పట్టి పోయినయని కచేరోళ్ళు ఎన్నడో రాసిండ్రు హుజూర్."

"అందులో కౌల్దార్ల పేర్లు ఉండెనా?"

పట్వారీ పైకి చూశాడు. "పదేండ్లాయె. నాకు యాది లేదు. యాబైనాటి సంది మాత్రం దొర సొంత సాగే."

మారయ్య ఉండబట్టలేకపోయాడు. పిలవకుండానే లేచి లోపలికి వెళ్ళాడు. బంట్రోతు చెయ్యి అడ్డం పెడితే తోసేశాడు.

"యాది లేదా పంతులూ? గడి మెట్ల మీద కూసోని నీ నోటితోనే సదివినవ్ గదా! నీకు యాది లేకుంటె నేను జెప్త ఇను!" అని పదమూడు పేర్లూ, పదమూడు తండ్రుల పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. బయట కూర్చున్న జనం కిటికీల దగ్గరికొచ్చి, ఎవరి పేరుకు వాళ్ళు "ఆఁ, నేనే" అన్నారు. భిక్షపతి పేరు వచ్చినప్పుడు గోపమ్మ అంది.

దొర వకీలు నెమ్మదిగా లేచాడు. కసరలేదు, గదమాయించలేదు. ఎంతో మర్యాదగా అడిగాడు.

"అన్నీ ఇంత బాగా గుర్తున్నాయి కదా మారయ్యా. ఆ కాగితాలు కాల్చిందెవరో కూడా గుర్తుందా?"

పరమేశ్వర్ వద్దని కళ్ళతో సైగ చేశాడు. మారయ్య చూశాడు. తెలియదు అంటే సరిపోయేది. కానీ పదేళ్ళుగా ఆ ఒక్క పని తలచుకునే అతడు తలెత్తుకు తిరుగుతున్నాడు. లాఠీ దెబ్బలకు చెప్పని అబద్ధం ఇక్కడ చెప్పాలా?

"నేనే. గీ చేతుల్తోనే," అన్నాడు.

"చాలు హుజూర్. సాక్ష్యం వీళ్ళే కాల్చుకున్నారు. నా క్లయింటు చేసింది ఏముంది?" అని దొర వకీలు కూర్చున్నాడు.

తీర్పు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కౌల్దార్లమని రుజువు లేదు. భూమి ఖాళీ చెయ్యాలి. తాసీల్దారు మంచివాడే, చెడ్డవాడు కాదు. పాపం, కాగితం లేనిదే నేనేం చెయ్యగలను అని కూడా అన్నాడు. రాజ్యం నోట మంచి మాట కూడా ఇలాగే ఉంటుంది తమ్ముళ్ళారా.

తొమ్మిది మైళ్ళూ నడిచి తిరిగొచ్చారు. ఊరి పొలిమేరలో గోపమ్మ ఆగింది.

"అన్నా, ఒక్క మాటడుగుత. నువ్వు సదివిచ్చినవ్. బాగనే ఉండె. సదివిచ్చినంక ఎవలింట్లనన్న దాసిపెడితె అయిపోవు గదనే? ఎందుకు కాలవెట్టినవ్?"

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మారయ్య దారి పక్కన కూర్చుండిపోయాడు. అందరూ అతన్ని దాటుకుంటూ ఇళ్ళకు పోయారు.

మర్నాడు పొద్దున కల్లం దగ్గర కూడారు. పరమేశ్వర్ ఊళ్ళోనే ఉండిపోయాడు. మారయ్య చివరన, గడ్డివాము పక్కన, రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ఒకరు వెళ్ళిపోదామన్నారు. నాగార్జునసాగర్ కట్ట కడుతున్నారు, మనుషులు కావాలట. "ఈడ రాళ్ళేరినం. ఆడ రాళ్ళు మోద్దాం. రాళ్ళే గద మన బతుకు," అన్నాడు ముసలి వెంకటయ్య. నలుగురు తలూపారు.

అంజయ్య గుడ్లెర్రజేసి లేచాడు. పదమూడుమందిలో చిన్నవాడు, తండ్రి వాటా దున్నేవాడు. "ఎందుకు పోవాలె? పట్వారోని ఇంట్ల ఇప్పుడు గూడ దఫ్తరాలున్నయి గద! మల్ల కాలవెడదాం పాండ్రి! గడి గూడ కాలవెడదాం!"

"కాలవెట్టుడు అయిపోయింది అంజిగా." అందరూ వెనక్కి తిరిగారు. మారయ్య. దగ్గు ఆగేదాకా అతడూ ఆగాడు, వాళ్ళూ ఆగారు. "నేను తప్పు జేసిన. ఒప్పుకుంటున్న. నా దిక్కు సూసి ఉమ్మెయ్యాలనుకున్నోళ్ళు ఉమ్మెయ్యిండ్రి. గని నా మాట ఒక్కటినుండ్రి. మనకు లేనిదేంది? సర్కారు కాయితం మీద ఆ నంబరు పక్కన మన పేరు. గంతే గదా? తాసీల్దారు రాయడు. పట్వారి రాయడు. ఇగ రాసేటోడెవడున్నడు?"

అంజయ్య మళ్ళీ కూర్చున్నాడు.

"పోలీసోడున్నడు," అన్నాడు మారయ్య. "మనం ఆ చెల్కల నాగలి గడ్దాం. కేసు రాస్తడు. ఏమని రాస్తడు? ఫలానోని కొడుకు ఫలానోడు నూట పన్నెండు నంబర్ల దున్నుతుండంగ పట్టుకున్న, అని రాస్తడు. ముద్దరేస్తడు. తప్పు జేసినమనే రాయనీ. రాయాలె."

జనం వకీలు వైపు చూశారు. పరమేశ్వర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అబద్ధం చెప్పను. దాంతోని భూమి రాదు. జైలొస్తది. అది ఎన్నడన్న పనికొస్తదో రాదో నేను జెప్పలేను."

"ఇన్నవా?" అన్నాడు వెంకటయ్య. "జైలుకు పోతె ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టిస్తరు? భూమి రానప్పుడు గీ తన్నులెందుకు తినాలె?"

అది పిరికి మాట కాదు. ఆకలి ఎరిగిన మాట.

దానికి జవాబు చెప్పింది గోపమ్మ. "నా పెనిమిటి ఆ చెల్కల సచ్చిండు. ఆయిన అక్కడ దున్నిండని ఏ కాయితంల లేదు. అక్కడ సచ్చిండని గూడ లేదు. భూమి రాకపాయె. మనుసులం ఉన్నమనన్న రాయరా? నేనొస్త. నాకు ఎడ్లు లేవు. కాడి నేనే మోస్త."

నాగార్జునసాగర్ మాట ఆ పొద్దుకు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వెంకటయ్య గొణుక్కుంటూనే లేచి, నాగటి కర్రు ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడానికి ఇంటికి పోయాడు.

రెండ్రోజులకు పల్గురాళ్ళ చెల్కలో పదమూడు నాగళ్ళు దిగాయి. ఎడ్లున్నవి ఎనిమిదే. మిగతా వాటికి మనుషులే కట్టుకున్నారు. గోపమ్మతో పాటు మారయ్య కాడి భుజాన వేసుకున్నాడు. అటు దొర నాగళ్ళూ వచ్చాయి, ముందు నాగలి మీద ఐలేశం. పొద్దెక్కేసరికి పోలీసు దారోగా, హెడ్డు, పదిమంది జవాన్లు దిగారు. దొర చింతచెట్టు కింద కుర్చీ వేయించుకున్నాడు.

"కేసు లేదు, గీసు లేదు. ఇండ్లకు పొండి," అన్నాడు దారోగా.

"కేసు గావాలె సారు. పేర్లు రాస్కోండ్రి," అన్నాడు మారయ్య.

దారోగాకు అర్థం కాలేదు. ఇరవయ్యేళ్ళ నౌకరీలో కేసు కావాలన్నవాణ్ణి అతడు చూసినట్టు లేదు. కానీ పట్వారీకి అర్థమైంది. కాగితం విలువ అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? గబగబా వెళ్ళి దొర చెవిలో ఊదాడు. దొర కుర్చీలోంచి లేచాడు.

"రాయకుండ్రి దారోగా సాబ్! ఒక్క పేరు గూడ రాయకుండ్రి! తన్ని తరమండ్రి, అంతే!"

తన్నారు. ఆడదని చూడలేదు, ముసలాడని చూడలేదు. నాగళ్ళు విరగ్గొట్టారు. ఎడ్లు బెదిరి చెల్క దాటి పారిపోయాయి. జనం గట్టు దాకా తగ్గారు. తగ్గి, మళ్ళీ వచ్చి సాళ్ళల్లో కూర్చున్నారు. మళ్ళీ తన్నారు. మళ్ళీ వచ్చారు. "రాస్కో" అన్న ఒక్క మాటే. అంజయ్య చెయ్యి విరిగింది. వెంకటయ్య తల పగిలింది. "రాస్కో సారు, మా అయ్య పేరు గూడ రాస్కో" అంటూనే ఉన్నాడు ముసలాడు. మూడోసారి మారయ్య రొమ్ము మీద పడిన దెబ్బకు నోట్లోంచి నెత్తురు వచ్చింది. తుడుచుకుని అక్కడే కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటింది. జవాన్ల చేతులు నొచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చి గట్ల మీద నిలబడుతున్నారు. తిండి లేక, నీళ్ళు లేక, కొట్టలేక, వదల్లేక దారోగా విసిగిపోయాడు. దొర వైపు చూడకుండా హెడ్డును పిలిచాడు. "రాయవయ్యా, రాసి లారీ ఎక్కించు. పీడ పోతది."

హెడ్డు మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాడు. సర్వే నంబరు నూట పన్నెండు, పల్గురాళ్ళ చెల్క. మొదటి ముద్దాయి మారయ్య. "నీకిందుల ఎన్నెకరాలు?" అని అడిగాడు. "ఏం లేదు సారు," అన్నాడు మారయ్య. కాల్చిన పాత పహాణీలో కూడా అతని పేరు లేదు. పుట్టాక మొదటిసారి ఒక భూమి పక్కన అతని పేరు ఎక్కింది.

గోపమ్మ వంతు వచ్చింది. "భర్త?" "భిక్షపతి." "ఏం జేస్తడు?" "ఇందులనే దున్నేటోడు. ఇందులనే కాల్చి సంపిండ్రు. గది గూడ రాయి." హెడ్డు రాయలేదు. భర్త పేరు మాత్రం రాశాడు.

ఇంటికొక్కరు, మారయ్యతో కలిపి పద్నాలుగు పేర్లయ్యాయి. హెడ్డు కాగితం మడవబోతుంటే ఐలేశం వచ్చాడు. దొర ఎడ్లను సాల్లోనే వదిలేసి వచ్చాడు.

"నా పేరు గూడ రాయుండ్రి సారు."

"నీకేం సంబంధంరా? దొర జీతగానివి నువ్వు!"

"దున్నింది నేనే గద," అన్నాడు ఐలేశం. "గోపక్క పంట మీద నాగలి గట్టింది గీ చేతులే. అది తప్పా, గిది తప్పా? తప్పైతే అది గూడ రాయుండ్రి."

దొర చింతచెట్టు కిందనుంచి బూతులందుకున్నాడు. ఐలేశం అటు తిరగలేదు. పోయి గోపమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

జరిగింది దాచను. ఆ చెల్క వాళ్ళకు రాలేదు. దొర కంచె వేయించాడు. ఆడవాళ్ళను పదిరోజులకు వదిలారు, మగవాళ్ళకు తొమ్మిది నెలలు పడింది. వెంకటయ్య కుటుంబం సాగర్ కట్టకే పోయింది. మారయ్య ఆ జైలు నుంచి నడిచి రాలేదు. ఆ కాగితం నకలు గోపమ్మ ఇంట్లో, గుడ్డలో చుట్టి, వాసాల మధ్య ఉంది. దాంతో ఇంతవరకు ఎవరికీ ఏమీ ఒరగలేదు. అయినా ఊళ్ళో ఏ కాగితాన్నీ ఇప్పుడు ఎవరూ కాల్చరు. పట్వారీ ఏది రాసినా "సదువు పంతులూ, ఇంటం" అని పదిమంది పోయి కూర్చుంటారు.

ఆ పొద్దు లారీ ఎక్కించే ముందు మారయ్య కదల్లేదు. "సదువు సారు. ఏం రాసినవో సదివితెనే ఎక్కుతం," అన్నాడు. అందరూ అదే అన్నారు. హెడ్డు దారోగా వైపు చూశాడు, దారోగా విసుగ్గా చెయ్యి ఊపాడు. హెడ్డు లేచి చదివాడు. నంబరు, చెల్క పేరు, మారయ్య, వెంకటయ్య, అంజయ్య, గోపమ్మ భర్త భిక్షపతి, చివరికి ఐలేశం. పేరు పేరుకూ చెల్కలోంచి "ఆఁ, నేనే" అని పలికారు. పదేళ్ళ కింద నవ్వుతూ పలికారు, ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. భిక్షపతి పేరుకు గోపమ్మ ఒక్కతే కాదు, అందరూ పలికారు.

"ఇంకేంది? అయిపాయె. ఎక్కుండ్రి," అన్నాడు హెడ్డు.

మారయ్య గట్ల మీద నిలబడ్డ పొరుగూళ్ళ జనం వైపు చూశాడు. మూతికంటిన నెత్తురు భుజంతో తుడుచుకున్నాడు.

"ఇంకొక్కపారి సదువు సారు. ఎనకున్నోళ్ళకు ఇనబడలే."